చీకటి సరే, దీపం సంగతేంటి? ఫ్లోరిన్ ఎంఆర్‌ఐలో అసలు చిక్కు

క్లుప్తంగా: మామూలు ఎంఆర్‌ఐ ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్‌ను చూస్తుంది. ఫ్లోరిన్ ఎంఆర్‌ఐ మాత్రం బయటి నుంచి ఎక్కించిన ఫ్లోరిన్ పదార్థాన్నే చూస్తుంది. మెషీన్‌కు కనబడే ఫ్లోరిన్ ఒంట్లో సహజంగా లేనట్టే కాబట్టి, సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తే ఆ పదార్థం అక్కడ ఉన్నట్టు. ఇబ్బందల్లా ఆ సిగ్నల్ బాగా బలహీనం కావడమే. దాన్ని పెంచడానికి రసాయన శాస్త్రవేత్తలు, కాయిల్ (మెషీన్‌లో సిగ్నల్‌ను అందుకునే తీగచుట్ట) తయారుచేసేవాళ్లు, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఎవరి దారిలో వాళ్లు ప్రయత్నిస్తున్నారు. ప్రతి దారిలోనూ ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తోంది.

క్రియాటినిన్ రిపోర్ట్ ఎందుకు అడుగుతారు?

విశాఖ కేజీహెచ్‌కి శ్రీకాకుళం, విజయనగరం, మన్యం నుంచే కాదు, ఒడిశాలోని కోరాపుట్, రాయగడ నుంచి కూడా రోగులు వస్తారు. ఎంఆర్‌ఐ రాశారంటే వరస ఒకటే. మెళ్లో గొలుసు, చెవి దిద్దులు, జేబులో చిల్లర, మొలతాడుకు కట్టిన తాయెత్తు అన్నీ తీసి వెంట వచ్చినవాళ్ల చేతికిచ్చి లోపలికి వెళ్లాలి. డాక్టర్ ‘కాంట్రాస్ట్‌తో’ (బొమ్మ స్పష్టంగా రావడానికి ఇంజెక్షన్ ఇచ్చి) అని రాసి ఉంటే మాత్రం అంతకుముందే ఇంకో ప్రశ్న వస్తుంది: కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్ చేయించారా?

ఆ ప్రశ్న ఉత్తరాంధ్రలో మరీ బరువైనది. ఉద్దానం పల్లెల నుంచి వచ్చేవాళ్లలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు తక్కువేం కాదు. కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌లో ఉండేది గాడోలినియం అనే లోహం. దాన్ని ఒక రసాయన పంజరంలో బిగించి రక్తంలోకి ఎక్కిస్తారు, కిడ్నీలు బయటికి పంపేస్తాయి. కిడ్నీలు బాగా చెడిపోయినవాళ్లలో అది ఒంట్లోనే ఉండిపోయి చర్మాన్ని, కీళ్లను గట్టిపరిచే అరుదైన జబ్బుకు దారితీయవచ్చని 2006లో తేలింది. మామూలు కిడ్నీలున్నవాళ్లలోనూ ఈ లోహం కొద్దిగా మెదడులో మిగులుతోందని 2014లో బయటపడింది. 2017లో ఐరోపా మందుల నియంత్రణ సంస్థ పంజరం వదులుగా ఉండే రకాలు కొన్నింటిని నిలిపేసింది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న గట్టి పంజరం రకాలతో ప్రమాదం చాలా తక్కువ. అయినా గాడోలినియం లేకుండా పని జరగదా అన్న వెతుకులాట ఆగలేదు. ఫ్లోరిన్ పేరు వినబడేది ఈ సందర్భంలోనే.

ఇక్కడే ఒక అపోహ పుడుతోంది. ఫ్లోరిన్ వస్తే గాడోలినియం ఇంజెక్షన్ మానేయవచ్చని చాలామంది అనుకుంటున్నారు. ఈ రెండూ చేసే పనులు వేరు. గాడోలినియం తాను కనబడదు, చుట్టూ ఉన్న నీటి సిగ్నల్‌ను మార్చి తన ఉనికిని చెబుతుంది. ఫ్లోరిన్ తానే కనబడుతుంది. మెదడులో గడ్డ అంచులు చూడ్డానికి ఇప్పట్లో ఫ్లోరిన్ పనికిరాదు. ఒంట్లోకి ఎక్కించిన కణాలు ఎటు పోయాయి, వాపు ఎక్కడ రగులుతోంది, ఊపిరితిత్తుల్లో గాలి ఏ మూలకు చేరడం లేదు వంటి ప్రశ్నలకు అది పనికొస్తుంది.

మూడు ఫ్లోరిన్‌లు, ఒకటే పేరు

తెలుగువాళ్లకు ఫ్లోరిన్ అనగానే నల్గొండ గుర్తొస్తుంది. వంగిపోయిన ఎముకలు, గారపట్టిన పళ్లు. మన దేశంలో ఈ జబ్బు గురించి తొలి నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వెలువడింది. అక్కడ చేటు చేసేది నీటిలో కరిగిన ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు.

రెండోది పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్-18. ఇది రేడియోధార్మికం, ప్రతి 110 నిమిషాలకు సగం అవుతుంది. క్యాన్సర్ ఎక్కడెక్కడ పాకిందో చూడ్డానికి దీన్ని గ్లూకోజ్‌కు తగిలించి ఎక్కిస్తారు.

మూడోది ఫ్లోరిన్-19. ప్రకృతిలో దొరికే ఫ్లోరిన్ అంతా ఇదే, నూటికి నూరుపాళ్లు. రేడియేషన్ ఉండదు. ఎంఆర్‌ఐ చూసేది దీన్నే. ఎక్కించే పదార్థంలో ఇది కార్బన్‌తో కట్టుబడి ఉంటుంది. సేంద్రియ రసాయనాల్లో ఒంటరి బంధాలన్నింటిలో గట్టిది ఈ కార్బన్-ఫ్లోరిన్ బంధమే. మోల్‌కు సుమారు 485 కిలోజౌళ్లు పెడితే గానీ తెగదు. నాన్‌స్టిక్ పెనానికి అట్టు అంటుకోకుండా చేసేదీ ఈ కుటుంబమే. బంధం తెగదు కాబట్టి ఫ్లోరైడ్ విడుదల కాదు. నల్గొండ భయం దీనికి వర్తించదు. ఆ తెగకపోవడంతో వచ్చే వేరే తలనొప్పి ఉంది, అది తర్వాత.

కైలాసగిరి మీద నిలబడి చూస్తే

రాత్రిపూట కైలాసగిరి మీద నుంచి ఊరివైపు చూస్తే లక్షల లైట్లు. వాటిలో ఒక్క బల్బు కాస్త మసకబారినా, కాస్త వెలిగినా పట్టుకోవడం కష్టం. అటు తిరిగి సముద్రంవైపు చూస్తే అంతా చీకటి, ఎక్కడో ఒక వేట పడవ దీపం. చిన్నదే అయినా కంటికి ఆనుతుంది.

మామూలు ఎంఆర్‌ఐ ఊరివైపు చూడటం లాంటిది. ఒంట్లో ప్రతి మూలా నీరే, నీటిలో ప్రతి అణువుకూ రెండు హైడ్రోజన్‌లు. ఫ్లోరిన్ ఎంఆర్‌ఐ సముద్రంవైపు చూపు. ఎముకల్లో, పళ్లల్లో ఫ్లోరిన్ ఉన్నా, అక్కడ గట్టిగా బిగుసుకుపోయి ఉండటంతో దాని సిగ్నల్ మైక్రోసెకన్లలోనే చచ్చిపోతుంది, మెషీన్ అందుకోలేదు. చీకటిని చెడగొట్టేది ఒక్కోసారి అనుకోని చోటి నుంచి వస్తుంది. ఎలుకల మీద ప్రయోగాలు చేసేటప్పుడు మత్తుకు వాడే ఐసోఫ్లూరేన్‌లోనూ ఫ్లోరిన్ ఉంటుంది. ఎలుక కొవ్వులో చేరిన ఆ మత్తుమందే దీపంలా వెలిగి, పరిశోధకులను తికమకపెట్టిన సందర్భాలున్నాయి.

ఫ్లోరిన్‌ను ఎంచుకోవడానికి ఇంకో కారణం భౌతికశాస్త్రంలో ఉంది. 3 టెస్లాల (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత) మెషీన్‌లో హైడ్రోజన్ సుమారు 127.7 మెగాహెర్ట్జ్ దగ్గర మోగితే, అంటే ఆ పౌనఃపున్యంలో సిగ్నల్ ఇస్తే, ఫ్లోరిన్ 120 దగ్గర మోగుతుంది. తేడా ఆరు శాతమే. సంఖ్య సమానంగా ఉంటే ఫ్లోరిన్ ఇచ్చే సిగ్నల్ హైడ్రోజన్‌లో 83 శాతం. హైడ్రోజన్ తర్వాత ఎంఆర్‌ఐకి ఇంత అనువైన స్థిర మూలకం ఇంకొకటి లేదనే చెప్పాలి. సంఖ్య సమానంగా ఉంటే! చిక్కంతా ఆ మాట దగ్గరే ఉంది.

ఒక్క చిన్న ఘనంలో లెక్క

స్కాన్ బొమ్మను బాగా పెద్దది చేస్తే చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి. ఒంట్లో అలాంటి ప్రతి గడీ ఒక చిన్న ఘనం, వాక్సెల్ అంటారు. ఒక మిల్లీమీటరు పొడవు, వెడల్పు, లోతు ఉన్న ఘనం తీసుకుందాం. ఆవగింజ కంటే చిన్నది. అందులో నీరే ఉంటే హైడ్రోజన్ గాఢత లీటరుకు సుమారు 110 మోల్‌లు. ఫ్లోరిన్ పదార్థం ఎక్కించాక అదే ఘనంలో చేరే ఫ్లోరిన్ గాఢత బాగుందనుకున్నా లీటరుకు 10 మిల్లీమోల్‌లు. అంటే 11,000 హైడ్రోజన్‌లకు ఒక ఫ్లోరిన్.

ఉన్నవాటిలోనూ అన్నీ సిగ్నల్ ఇవ్వవు. అయస్కాంత క్షేత్రంలో కేంద్రకాలు కొన్ని క్షేత్రం వైపు, కొన్ని ఎదురుగా నిలబడతాయి. రెండు వర్గాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకోగా మిగిలే మొగ్గు, 1.5 టెస్లాల మెషీన్‌లో 10 లక్షలకు 5, 3 టెస్లాల్లో 10 మాత్రమే. ఎంఆర్‌ఐ ఆధారపడేది ఈ మొగ్గు మీదే. నీటిలో హైడ్రోజన్ అంత విపరీతంగా ఉంది కాబట్టి ఇంత చిన్న మొగ్గుతోనూ బొమ్మ వస్తోంది. ఫ్లోరిన్‌కు ఆ వెసులుబాటు లేదు.

సిగ్నల్ తక్కువైతే అదే కొలతను మళ్లీమళ్లీ తీసుకుని సగటు కట్టవచ్చు. అయితే సగటు కట్టడంలో లాభం వర్గమూలం లెక్కన వస్తుంది. రెట్టింపు స్పష్టత కావాలంటే నాలుగింతల సమయం, పదింతలు కావాలంటే వందింతలు. 11,000 రెట్ల లోటును సగటుతోనే పూడ్చాలంటే 12 కోట్లసార్లు కొలవాలి. మెషీన్‌లో 20 నిమిషాలు కదలకుండా పడుకోవడానికే టెన్షన్ పడే మనిషిని ఎన్నేళ్లు పడుకోబెట్టాలి?

అందుకే ఆచరణలో ఘనాన్ని పెద్దది చేస్తారు. ఒక్కో వైపు 3 మిల్లీమీటర్లు చేస్తే ఘనపరిమాణం 27 రెట్లు పెరుగుతుంది, సిగ్నల్ కూడా ఆ మేరకు పెరుగుతుంది. బొమ్మ మొరటుగా ఉంటుంది. ఆ మొరటు ఫ్లోరిన్ బొమ్మకు రంగు వేసి, అదే మనిషికి తీసిన స్పష్టమైన హైడ్రోజన్ బొమ్మ మీద పరుస్తారు. పత్రికల్లో కనిపించే అందమైన ఫ్లోరిన్ ఎంఆర్‌ఐ చిత్రాలన్నీ ఇలా రెండు పొరలు కలిపినవే. రంగు మచ్చ అంచులు చూసి మోసపోకూడదు.

ఒకే తాళం కొట్టే ఫ్లోరిన్‌లు

లోటును రసాయనంతో పూడ్చే మొదటి పద్ధతి, ఒక్కో అణువులో ఫ్లోరిన్‌లను వీలైనన్ని ఇరికించడం. సంఖ్య పెంచితే చాలదు, అన్నీ ఒకే పౌనఃపున్యంలో మోగాలి. భజనలో 20 మంది ఒకే తాళం కొడితే వీధి చివరికి వినిపిస్తుంది. తలో తాళం కొడితే అదే 20 మంది గోల చేసినట్టే.

పెర్‌ఫ్లూరో ఆక్టిల్ బ్రోమైడ్ అనే ద్రవంలో 17 ఫ్లోరిన్‌లు ఉన్నాయి. గొలుసులో ఒక్కోటీ ఒక్కో చోట ఉండటంతో వాటి సిగ్నల్ వేర్వేరు పౌనఃపున్యాల్లో చాలా శిఖరాలుగా చీలిపోతుంది. పైగా ఒక్కో శిఖరం ఒక్కో దెయ్యం బొమ్మను పక్కకు జరిపి చూపిస్తుంది. విచిత్రం ఏమిటంటే, ఇదే ద్రవానికి 1993లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎంఆర్‌ఐ కోసమే అనుమతి ఇచ్చింది, కానీ ఫ్లోరిన్‌ను చూడటానికి కాదు. అందులో హైడ్రోజన్ లేదు కాబట్టి, తాగిస్తే పేగులు నల్లగా కనిపిస్తాయని.

పెర్‌ఫ్లూరో 15-క్రౌన్-5 ఈథర్ ఉంగరం ఆకారపు అణువు. దానిలోని 20 ఫ్లోరిన్‌లూ ఒకే రకం చోట్లలో ఉంటాయి, ఒకటే శిఖరం. కణాలను వెంబడించే ప్రయోగాల్లో చాలాకాలంగా దీనిదే రాజ్యం. 2014లో ఇటలీ శాస్త్రవేత్తల బృందం 36 ఫ్లోరిన్‌లు ఒకే తాళంలో ఉన్న పర్‌ఫెక్టా అనే అణువును ప్రకటించింది.

36 నుంచి 72కు, 144కు ఎందుకు వెళ్లకూడదు? ఫ్లోరిన్ పెరిగేకొద్దీ ఆ పదార్థం నీటికీ నూనెకూ రెంటికీ దూరమవుతుంది. నేరుగా రక్తంలో కలవదు. పాలలో వెన్న బిందువుల్లా దాన్ని అతి చిన్న బిందువులుగా చిలికి, చుట్టూ కొవ్వు పొర తొడిగి ఎక్కించాలి. పాలిమర్ గొలుసులకు ఫ్లోరిన్‌ను తగిలించే మరో మార్గంలోనూ ఇలాంటి చిక్కే. ఫ్లోరిన్ భాగాలు నీటికి భయపడి లోపలికి ముడుచుకుపోతాయి, ముడుచుకుంటే కదలిక తగ్గుతుంది, కదలిక తగ్గితే సిగ్నల్ త్వరగా చచ్చిపోతుంది. ఫ్లోరిన్ ఎక్కువ పెట్టినకొద్దీ తక్కువ కనబడటం అనే ఈ వైపరీత్యం చాలా ప్రయోగశాలలను విసిగించింది.

ఇనుము తెచ్చిన వేగం

ఒకసారి మోగిన కేంద్రకం మళ్లీ మోగడానికి సిద్ధం కావాలంటే సేద తీరాలి. ఈ ఫ్లోరిన్ ద్రవాల్లో దానికి సుమారు ఒక సెకను పడుతుంది. అంతసేపూ మెషీన్ ఊరికే ఎదురుచూడాలి. సేద తీరే సమయాన్ని నాలుగో వంతుకు తగ్గించగలిగితే, అదే పది నిమిషాల్లో నాలుగు రెట్లు ఎక్కువ కొలతలు తీయవచ్చు, స్పష్టత రెట్టింపవుతుంది. పదార్థం ఒక్క చుక్క కూడా పెంచనక్కర్లేదు.

దీనికి దగ్గర్లో అయస్కాంత గుణమున్న లోహం ఉండాలి. గాడోలినియం మొదట తట్టే పేరు. కానీ అది సేద తీరడాన్ని వేగవంతం చేస్తూనే, మోగే వ్యవధినీ కుదించి సిగ్నల్‌ను చెదరగొడుతుంది. 2016లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగో బృందం ఇనుమును ఎంచుకుంది. ఫ్లోరిన్ ద్రవంలోనే కరిగేలా ఇనుమును ఒక రసాయన కొక్కెంలో పట్టి బిందువు లోపలే పెట్టారు. సేద తీరడం వేగవంతమైంది, చెదరడం గాడోలినియంతో పోలిస్తే తక్కువ. ఉన్న మెషీన్‌తో, ఉన్న ద్రవంతో లాభం తెచ్చే మార్గాల్లో ఇదే అన్నింటికంటే దగ్గరిది అనిపిస్తుంది.

గాడోలినియం చెదరగొట్టే గుణాన్నే కొందరు పనికి వాడుకున్నారు. ఫ్లోరిన్‌ను గాడోలినియం పక్కనే ఒక చిన్న వంతెనతో కట్టేస్తే సిగ్నల్ మూగబోతుంది. జబ్బు ఉన్నచోట ఉండే ఎంజైమ్ ఆ వంతెనను కత్తిరించగానే ఫ్లోరిన్ దూరంగా జరిగి మోగడం మొదలుపెడుతుంది. ప్రయోగశాలలో చక్కగా పనిచేస్తుంది. మనిషిలో అంత గాఢత తేవడమే గగనం.

కేంద్రకాల మొగ్గునే కృత్రిమంగా వేల రెట్లు పెంచే పద్ధతి కూడా ఉంది. జినాన్-129 వాయువుతో అది ఆస్పత్రి దాకా వచ్చింది, 2022 డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ ఊపిరితిత్తుల స్కాన్‌కు ఒప్పుకుంది. ఫ్లోరిన్ అణువుల్లో ఆ అదనపు మొగ్గు సాధారణంగా కొద్ది సెకన్లలోనే కరిగిపోతుంది. సిరంజీ నుంచి నరంలోకి వెళ్లేలోపే సగం ఆవిరి.

కాయిల్, సాఫ్ట్‌వేర్

మామూలుగా ఆస్పత్రుల్లో ఉండే మెషీన్లు హైడ్రోజన్ పౌనఃపున్యం ఒక్కదానికే సిద్ధమై ఉంటాయి. ఫ్లోరిన్ వినాలంటే ఇంకో పౌనఃపున్యానికి పనిచేసే యాంప్లిఫైయర్, దానికి తగిన కాయిల్ కావాలి. ఆరు శాతం తేడాయే కాబట్టి ఒకే కాయిల్‌ను రెంటికీ శ్రుతి చేయడం సాధ్యమే. చిన్న జంతువుల మెషీన్లలో కాయిల్‌ను బాగా చల్లబరిచి దాని సొంత రొదను తగ్గిస్తారు. మనిషి స్కాన్‌లో రొద ఎక్కువగా శరీరం నుంచే వస్తుంది కాబట్టి ఆ లాభం అంతగా దక్కదు. కొన్ని కొలతలతోనే పూర్తి బొమ్మను రాబట్టే గణిత పద్ధతులు ఫ్లోరిన్‌కు బాగా నప్పుతాయి. బొమ్మలో ఎక్కువ భాగం ఎలాగూ చీకటే కదా.

తెగని బంధం వెంట వచ్చేది

ఈ ద్రవాలను శరీరం జీర్ణం చేసుకోదు, కిడ్నీలు వడకట్టవు. బిందువులను రక్షక కణాలు మింగేసి కాలేయం, ప్లీహం చేరుస్తాయి. అక్కడి నుంచి మెల్లగా రక్తంలోకి, ఊపిరితిత్తుల్లోకి వచ్చి శ్వాసతో బయటికి పోతాయి. కిడ్నీ రోగుల కోణంలో ఇది ఆసక్తికరమైన విషయం. వేగంలో మాత్రం చాలా తేడా ఉంది. పెర్‌ఫ్లూరో ఆక్టిల్ బ్రోమైడ్ రోజులు, వారాల లెక్కలో వెళ్తుంది. ఒకే తాళం కొట్టే క్రౌన్ ఈథర్ నెలల తరబడి కాలేయంలో కూర్చుంటుంది. బాగా మోగేది త్వరగా పోదు, త్వరగా పోయేది బాగా మోగదు. ఈ రంగంలో ఇప్పటికీ తెగని పీటముడి ఇదే.

ఫ్లోరిన్ రసాయనాల మీద ప్రపంచవ్యాప్తంగా వాతావరణం కూడా మారుతోంది. ప్రకృతిలో చెడిపోని ఈ రకం పదార్థాల తయారీని 2025 చివరికల్లా ఆపేస్తామని 3ఎం కంపెనీ 2022 డిసెంబర్‌లో ప్రకటించింది. 2023లో ఐరోపాలో వీటి మీద విస్తృత ఆంక్షల ప్రతిపాదన వచ్చింది. వైద్యానికి వాడేది పిసరంతే అయినా, ముడిసరుకు తయారీ తగ్గితే ఆ పిసరు ధర కూడా పెరుగుతుంది.

ఇప్పటిదాకా ఎంత దూరం?

ఎంఆర్‌ఐ తొలి బొమ్మలు 1973లో వస్తే, ఫ్లోరిన్ బొమ్మ 1977లోనే వచ్చింది. ఆ తర్వాత హైడ్రోజన్ ఎంఆర్‌ఐ ఆస్పత్రులన్నీ ఆక్రమిస్తే, ఫ్లోరిన్ ప్రయోగశాలల్లోనే ఉండిపోయింది. 2005లో రోగనిరోధక కణాలకు ఫ్లోరిన్ బిందువులు తినిపించి, ఎలుక ఒంట్లో వాటి జాడ చూపించారు. ఒక్కో కణం సుమారు లక్ష కోట్ల ఫ్లోరిన్ పరమాణువులను మోయగలదు. అయినా ఒక్క కణం కనబడదు. ఒక చోట వేలల్లో గుమిగూడితేనే మచ్చ తేలుతుంది. ఇనుప రేణువులు తినిపించే పాత పద్ధతిలో తక్కువ కణాలైనా నల్ల చుక్కగా కనిపిస్తాయి గానీ, ఆ నలుపు కణాలదా, పాత రక్తస్రావానిదా, గాలి బుడగదా అన్నది తేలదు. ఫ్లోరిన్‌లో ఆ అనుమానం ఉండదు, పైగా సిగ్నల్ బలం నుంచి కణాల సంఖ్యను లెక్కగట్టవచ్చు. 2014లో పెద్దపేగు క్యాన్సర్ రోగులకు ఇచ్చిన కణాల టీకాను ఇలా చూసిన తొలి మానవ ప్రయోగం వెలువడింది.

ఊపిరితిత్తుల విషయం కాస్త వేరు. పెర్‌ఫ్లూరో ప్రొపేన్ వాయువు 79 పాళ్లు, ఆక్సిజన్ 21 పాళ్లు కలిపి పీల్పిస్తారు. వాయువు లీటర్ల కొద్దీ లోపలికి పోతుంది కాబట్టి గాఢత సమస్య కొంత తీరుతుంది, జినాన్‌కు కావాల్సినట్టు మొగ్గు పెంచే ఖరీదైన యంత్రం అక్కర్లేదు. వాతావరణాన్ని వేడెక్కించే వాయువు కావడం దీని మైనస్.

విశాఖకు సంబంధం ఎక్కడ?

పరవాడ ఫార్మా సిటీలో తయారయ్యే మందుల్లో ఫ్లోరిన్ ఉన్నవి ఉంటాయి. అలాంటివాటి శుద్ధతను చూడటానికి రసాయన శాస్త్రవేత్తలు వాడే ఫ్లోరిన్ ఎన్ఎంఆర్ (అయస్కాంతంలో పెట్టి కేంద్రకాల సిగ్నల్ చూసే) పరీక్షకు, ఈ స్కాన్‌కు వెనకున్న భౌతికశాస్త్రం ఒకటే. అక్కడ గాజు గొట్టంలో గాఢమైన ద్రావణం ఉంటుంది, ఇక్కడ మనిషి ఉంటాడు. ఇక వైద్య పరికరాల తయారీకి పెట్టిన మెడ్‌టెక్ జోన్ 270 ఎకరాల్లో ఈ ఊళ్లోనే ఉంది. కొత్త అయస్కాంతం తయారీతో పోలిస్తే రెండు పౌనఃపున్యాల కాయిల్ చిన్న పనే, ఇలాంటి చోట మొదలుపెట్టగల స్థాయిదే. అయితే ఎక్కించడానికి అనుమతి ఉన్న ఫ్లోరిన్ మందు లేకుండా కాయిల్ ఒక్కటే ఉంటే, వలలేని పడవతో వేటకు వెళ్లినట్టే.

ఆ అనుమతి ఇప్పటికి ఏ దేశంలోనూ రోజువారీ వాడకానికి రాలేదు. కేజీహెచ్ దగ్గరైనా, ఆరిలోవ హెల్త్ సిటీలోనైనా కాంట్రాస్ట్ ఎంఆర్‌ఐ అంటే గాడోలినియమే, కౌంటర్ దగ్గర అడిగేది క్రియాటినిన్ రిపోర్టే.